‘కాగా’లో ‘గా’, ‘తినగ తినగ’లో ‘గ’ ఒకటేనా?

(విశాఖవాళ్ళ గ్రూపులో చర్చ; పేర్లకు బదులు వాళ్ళ పేటల పేర్లు.)

సీతమ్మధార టీచర్: భిన్నాల కూడిక నేర్పే ట్యూటర్ సాఫ్ట్‌వేర్‌కి నియమాలు తెలుగు వాక్యాల్లోనే రాసిస్తున్నాం. ప్రోగ్రామర్లే రాస్తే గంట పాఠానికి 200–300 గంటల పని అని పాత లెక్క. ‘హారాలు సమానం కాగా లవాలు కూడాలి’ అని రాశాను. అది ‘కాగా’ను పేపరువాళ్ళ ‘కాగా’ (ఇదిలా ఉండగా) అనుకుని షరతు ఎగరగొట్టింది! హారాలు వేరైనా కూడేస్తోంది. వేమన్న పద్యంలో ‘తినగ తినగ వేము...’ తర్వాత తియ్యనుండా, తీయనుండా? ఆ ‘గ’ కూడా ఇదేనా?

ఎంవీపీ కాలనీ: తియ్యనుండు. అనుమానమే లేదు.

పెదవాల్తేరు: మేం తీయనుండు అనే చదువుకున్నాం. గణాలతో తేలదు లెండి, తియ్య, తీయ రెండూ గలమే (గురువు, లఘువు).

ఎంవీపీ కాలనీ: గలమని మాకూ తెలుసు మాస్టారూ. ఏ ప్రతిలో చూశారు?

గాజువాక: వేమన్నకి ఒకటే ప్రతి ఏమిటండీ? బ్రౌను దొర పోగుచేసేనాటికే తలా ఓ రకంగా రాసుకున్నారు. అసలు అందం ‘గ’లో ఉంది. ఒకసారి తింటే వేప చేదే. రెండుసార్లు వచ్చింది కాబట్టి అది షరతు కాదు, అలవాటు.

మధురవాడ ప్రోగ్రామర్: ఎన్ని ‘తినగ’లు అన్నదానికి మా దగ్గర లెక్కుంది సార్. కార్బెట్, ఆండర్సన్ అనే పరిశోధకుల 1995 పద్ధతిలో పిల్లవాడికి ఆ మెళకువ వచ్చిన సంభావ్యత 0.95 దాటేదాకా లెక్కలు ఇస్తూనే ఉంటాం.

పెదవాల్తేరు: వేమన్న 0.95 చెప్పలేదు, అది వేరే విషయం. టీచర్‌గారూ, ‘సమానమైతే’ అనండి. చిన్నయసూరిగారి వ్యాకరణంలో చేదర్థకం (షరతు చెప్పే రూపం), వెనక విధ్యర్థకం (చెయ్యమని చెప్పే రూపం) పెడితే అదే వీళ్ళ ఇఫ్-దెన్ రూలు. ‘సమానం చేసి కూడు’ అంటే క్త్వార్థకం (‘చేసి’ లాంటి, ముందు జరిగిన పని చెప్పే రూపం), పనుల వరస దానంతటదే వస్తుంది.

గాజువాక: వస్తుందా? ‘వాన పడి పంట పోయింది’లో వరసా, కారణమా?

మధురవాడ ప్రోగ్రామర్: అందుకే వ్యాకరణం మీద వదిలెయ్యం. నియమం ఇవ్వగానే 1/5 + 2/5, 1/2 + 1/3 దానిచేతే చేయించి టీచర్‌కి చూపిస్తాం. రెండోదాని దగ్గర ఆగకపోతే వాక్యం తిప్పి పంపుతాం.

ఎంవీపీ కాలనీ: పావులూరి మల్లన మహావీరాచార్యుడి గణితాన్ని పద్యాల్లోకి తెచ్చాడు, ఆయన్ని ఏ మిషనూ తిప్పి పంపలేదు!

గాజువాక: ఆయన షరతుకి ‘ఐన’ వాడాడా, ‘కాగ’ వాడాడా? పద్యం గుర్తుంటే పెట్టండి.

ఎంవీపీ కాలనీ: ఆంధ్రా యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకం దొరికితే ఫొటో పెడతా. కానీ తియ్యనుండే.