మొదటి టెలిస్కోపు: పదిహేను వేలలో ఏది కొనాలి? (తిరుపతి)

కపిలతీర్థం రోడ్డు:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. బడి వాళ్లు పిల్లలను తిరుపతిలోని ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లి వచ్చిన నాటి నుంచి, శని వలయాలను తన కళ్లతో చూడాలని పట్టుబట్టింది. నేను పదిహేను వేల దాకా పెట్టగలను. ఆన్‌లైన్‌లో 60 మిల్లీమీటర్ల కటకం ఉన్న టెలిస్కోపు ఒకటి చూశాను, 525 రెట్లు పెద్దదిగా చూపిస్తుందని రాశారు, ధర ఆరు వేలు. 70 మిల్లీమీటర్లది ఇంకొకటి ఉంది, దానికి అన్ని రెట్లు లేవు కానీ ధర ఎక్కువ. ఆరు అంగుళాల అద్దం ఉన్న డాబ్సోనియన్ (పెట్టె మీద చేత్తో తిప్పే టెలిస్కోపు) తప్ప మరేదీ కొనవద్దని ఒక మిత్రుడు అంటున్నాడు, అది నా శక్తికి మించినది. మేము చూడవలసింది మా మిద్దె మీద నుంచే. ఏది కొనమంటారు?

మదనపల్లె మాస్టారు:
పదిహేను వేలు చేతిలో ఉన్నాయి కనుక పదిహేను వేల వస్తువే కొనాలన్న నియమం లేదు. ముందుగా 10×50 బైనాక్యులర్ (పది రెట్లు, 50 మిల్లీమీటర్ల కటకాలు) ఒకటి కొనండి. చీకటికి అలవాటుపడిన కంటిపాప ఎంత విచ్చుకున్నా ఏడు మిల్లీమీటర్లకు మించదు, 50 మిల్లీమీటర్ల కటకం దానికంటే యాభై రెట్లు ఎక్కువ వెలుగును పోగుచేస్తుంది. కృత్తికలను, మన పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే ఆ గుంపును, బైనాక్యులర్‌లో చూసినంత అందంగా ఏ పెద్ద టెలిస్కోపులోనూ చూడలేము, ఎందుకంటే టెలిస్కోపులో ఆ గుంపు మొత్తం ఒక్కసారిగా ఇమడదు. మోచేతులను పిట్టగోడకు ఆనించి చూస్తే గురుడి నాలుగు పెద్ద ఉపగ్రహాలు కూడా కనిపిస్తాయి. ఒక ఏడాది పాటు ఆకాశంలో దారులు తెలుసుకున్న తరువాత టెలిస్కోపు కొంటే అది మూలన పడదు. నేను ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం బోధించాను. దారి తెలియని వాడి చేతికి టెలిస్కోపు ఇస్తే వాడు మూడో రోజుకు దాన్ని ఎదురింటి కిటికీ వైపు తిప్పుతాడు.

చిత్తూరు కళ్లద్దాలు:
ఆ 525 సంగతి ముందు తేల్చుకుందాం. టెలిస్కోపు నాభ్యంతరాన్ని (కటకం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి ఉన్న దూరాన్ని) ఐపీస్ (కన్ను పెట్టే చిన్న కటకం) నాభ్యంతరంతో భాగిస్తే ఎన్ని రెట్లో తెలుస్తుంది. 700ను 4తో భాగిస్తే 175 వస్తుంది, దానికి రెట్లను మూడింతలు చేసే బార్లో కటకం తగిలించి 525 అని పెట్టె మీద అచ్చువేస్తారు. లెక్క తప్పు కాదు, కానీ కటకం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెండింతలకు మించి పెంచితే బొమ్మ పెద్దదవుతుందే గాని కొత్త వివరమేమీ రాదు. 60 మిల్లీమీటర్లకు 120 రెట్లే హద్దు.

నా వృత్తి కళ్లద్దాలు అమర్చడం. పోయిన ఏడాది ఒకాయన చవక టెలిస్కోపును బాగుచేయమని మా కొట్టుకు తెచ్చారు. ఐపీస్ వైపు నుంచి చిన్న టార్చి వెలుగును లోపలికి పంపి, ముందు కటకానికి తెల్ల కాగితం అడ్డంగా పెట్టి, దాని మీద పడ్డ వెలుగు వలయాన్ని స్కేలుతో కొలిచాను. కటకం 60 మిల్లీమీటర్లదే, వలయం మాత్రం 41 మిల్లీమీటర్లు వచ్చింది. గొట్టం లోపల నల్లటి ప్లాస్టిక్ బిళ్ల ఒకటి నడుమ రంధ్రంతో బిగించి ఉంది. కటకం అంచుల్లోని లోపాలు బయటపడకుండా చుట్టూ వెలుగును కోసేశారన్నమాట. మీరు ఏది కొన్నా మొదటి రోజే ఈ కొలత తీసుకోండి. ఐపీస్‌కు తగిలించే సూర్యుడి ఫిల్టరును పెట్టెలో పెట్టి పంపితే దాన్ని వెంటనే విరిచి పారేయండి, వేడికి అది పగిలితే కన్ను పోతుంది.

చంద్రగిరి కోట:
మాస్టారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, అమ్మాయి అడిగింది శని వలయాలను. పది రెట్ల బైనాక్యులర్‌లో శని కోలగా సాగిన చుక్కలా ఉంటుంది, అంతే. వలయం గ్రహం నుంచి విడిగా తెలియాలంటే కనీసం పాతిక ముప్పై రెట్లు కావాలి. అన్నం అడిగిన బిడ్డకు వరి ఎలా పండుతుందో ఏడాది పాటు పాఠం చెబుతామంటే ఎలా?

నా దగ్గర ఆరు అంగుళాల డాబ్సోనియన్ ఉంది. 150 మిల్లీమీటర్ల అద్దం 70 మిల్లీమీటర్ల కటకం కంటే నాలుగున్నర రెట్లు ఎక్కువ వెలుగును పట్టుతుంది. కింద చెక్కపెట్టె, పైన గొట్టం, చేత్తో నెట్టితే తిరుగుతుంది, నేర్చుకోవలసింది పది నిమిషాల పని. దీన్ని రూపొందించిన జాన్ డాబ్సన్ సాన్‌ఫ్రాన్సిస్కోలోని వేదాంత సంఘపు మఠంలో 1944లో చేరి ఇరవై మూడేళ్లు సన్యాసిగా ఉన్నారు. ఓడ కిటికీల గాజును చేత్తో అరగదీసి అద్దాలు చేసి, అట్ట గొట్టాల్లో అమర్చి, కాలిబాటల మీద పెట్టి దారిన పోయేవాళ్లందరికీ చంద్రుణ్ణి, శనిని చూపించారు. ముందు నక్షత్రపటం కంఠస్థం చేసి రమ్మని ఆయన ఎవరినీ అడగలేదు. అయిదారు నెలలు ఆగి, ఇంకొంత కూడబెట్టి ఇదే కొనండి.

పుత్తూరు పాఠకురాలు:
మా ఇంట్లో 70 మిల్లీమీటర్లదే ఉంది. చంద్రుడి గుంతలు, గురుడి చారలు రెండూ బాగానే కనిపిస్తాయి. స్టాండు మాత్రం గాలికి వణుకుతుంది.

తిరుచానూరు ఇంజనీరు:
ఎవరూ మౌంట్ (టెలిస్కోపును మోసి తిప్పే స్టాండు) గురించి మాట్లాడడం లేదు. భూమి తిరుగుతుంది కనుక వంద రెట్ల దగ్గర గ్రహం రెండు మూడు నిమిషాల్లోనే చూపు దాటిపోతుంది. ఈక్వటోరియల్ మౌంట్ అయితే ధ్రువ నక్షత్రం వైపు ఒకసారి గురిపెట్టి, ఆ తరువాత ఒకే మరను తిప్పుతూ పోతే చాలు. 114 మిల్లీమీటర్ల అద్దం, ఈక్వటోరియల్ మౌంట్ కలిపి ఈ ధరకు దగ్గరలోనే దొరుకుతాయి. పిల్ల పెద్దదై ఫొటోలు తీయాలనుకున్నా అదే పనికి వస్తుంది.

చంద్రగిరి కోట:
తిరుపతిలో ధ్రువ నక్షత్రం ఎక్కడ కనిపిస్తుంది? మన అక్షాంశం 13.6 డిగ్రీలు, కనుక ధ్రువుడు క్షితిజం నుంచి అంతే ఎత్తులో ఉంటాడు. చాచిన చేతి పిడికిలి పది డిగ్రీలు అనుకుంటే పిడికిలిన్నర కూడా లేదు. ఉత్తరాన ఏడుకొండలు అడ్డం. కపిలతీర్థం దగ్గర మిద్దె ఎక్కి ఉత్తరం చూస్తే ఘాట్ రోడ్డు దీపాలు కనిపిస్తాయి గాని ధ్రువుడు కనిపించడు.

తిరుచానూరు ఇంజనీరు:
మా మిద్దె మీద నుంచి నిన్న రాత్రే చూశాను. కొండ అంచుకు చాలా పైన, స్పష్టంగా ఉంది. కనిపించేదాన్ని కనిపించదని రాయడం సరికాదు.

చంద్రగిరి కోట:
తిరుచానూరు కొండకు ఎంత దూరం, కపిలతీర్థం ఎంత దూరం? కొండ పాదాన నిలబడ్డ వాడికి కొండ అంత ఆకాశం పోతుంది. కొనబోయేది మీరు కాదు.

తిరుచానూరు ఇంజనీరు:
ధ్రువుడు కనిపించకపోయినా దిక్సూచితో ఉత్తరం, మౌంట్ మీది స్కేలుతో 13.6 డిగ్రీలు సరిచేసుకోవచ్చు. కంటితో చూడడానికి ఆ మాత్రం సరిపోతుంది. మీరు తిరుపతి అన్నారు, నేను తిరుపతి గురించే చెప్పాను.

పలమనేరు రైతు:
ధ్రువుడి విషయం ఇద్దరూ ఇక ఆపండి. అమ్మాయికి శనిని చూపించే మార్గం చెప్పండి.

మదనపల్లె మాస్టారు:
శని విషయమే చెబుతాను. 2025 మార్చిలో శని వలయాల అంచు సరిగ్గా భూమి వైపు తిరిగింది. ఇప్పటికీ, 2026 సంక్రాంతికి కూడా, అవి సన్నని గీతలాగే ఉన్నాయి. పెట్టె మీది బొమ్మలో ఉన్న విశాలమైన వలయాన్ని ఆశించి ఈ సంక్రాంతి సెలవుల్లో చూసిన పిల్ల నిరాశపడడం ఖాయం. వలయాలు ఏటేటా విచ్చుకుంటూ 2032 నాటికి పూర్తిగా తెరుచుకుంటాయి. తొందర దేనికి? ఈలోగా చూడవలసినవి ఎన్ని లేవు! ఏప్రిల్, మే రాత్రుల్లో మన దక్షిణ దిక్కున ఒమేగా సెంటారీ నక్షత్రగుచ్ఛం దాదాపు ముప్పై డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఢిల్లీ వాళ్లకు అది పద్నాలుగు డిగ్రీల ఎత్తుకే వస్తుంది, మనకు బైనాక్యులర్‌లోనే దూదిపింజలా దొరుకుతుంది. ఆకాశానికి ఓపిక పట్టగలిగిన వారికే అది ఏమైనా చూపిస్తుంది. డాబ్సన్ గారి పేరు చెప్పారు, చాలా సంతోషం. ఆయన కాలిబాట మీద చూపించినప్పుడు టెలిస్కోపు పక్కన ఆయనే నిలబడ్డారు. ఈ అమ్మాయి పక్కన ఎవరు నిలబడతారు?

చంద్రగిరి కోట:
2032 అని ఎంత తేలిగ్గా రాశారు మాస్టారూ! అప్పటికి ఆ అమ్మాయికి పంతొమ్మిదేళ్లు దాటుతాయి. ఏ ఊళ్లో, ఏ హాస్టల్లో ఉంటుందో ఎవరికి తెలుసు? మీవంటి పెద్దలకు పిల్లలు ఎప్పుడూ అర్హత సంపాదించుకోవలసిన వాళ్లలాగే కనిపిస్తారు. సన్నని గీత అయితే సన్నని గీతే చూడనివ్వండి. గీతగా చూసిన బిడ్డే అది విచ్చుకోవడం కూడా ఏటేటా చూస్తుంది. ఓపిక పేరుతో పిల్లల ఉత్సాహాన్ని చంపడం బోధన కాదు.

మదనపల్లె మాస్టారు:
ఈ మాట నాకు చాలా కష్టంగా తగిలింది. నేను పిల్లల చేతికి టెలిస్కోపు ఇవ్వని మనిషిని కాను. నేను పనిచేసిన ఒక బడిలో ఎనిమిది అంగుళాల టెలిస్కోపు ఉండేది. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఎన్నో అర్జీలు పెట్టి, నా పూచీ మీద దాన్ని బయటికి తీయించాను. మూడు నెలలు ప్రతి శనివారం రాత్రి పిల్లలు వచ్చేవారు. ఒక సోమవారం ఉదయం నేను లేని సమయంలో, అద్దం మీద దుమ్ము ఉందని ఎవరో పొడిగుడ్డతో గట్టిగా తుడిచారు. టెలిస్కోపు అద్దానికి పూత ముందువైపునే ఉంటుంది, వెంట్రుక మందం కూడా లేని అల్యూమినియం పొర. నేను వచ్చి చూసేసరికి అద్దం నడుమ నుంచి అంచు దాకా వంకర గీతలు, కొన్నిచోట్ల కింది గాజు కనిపిస్తోంది. ఆ ఖర్చును నా జీతంలోంచి ఆరు నెలలు పట్టుకున్నారు. డబ్బు పోయిందని నాకు బాధ లేదు. టెలిస్కోపు మళ్లీ బీరువాలోకి వెళ్లింది, నేను పదవీ విరమణ చేసే దాకా బయటికి రాలేదు. నేర్పకుండా ఇచ్చినందువల్ల ఆ పిల్లలందరికీ ఆకాశం మూసుకుపోయింది. అందుకే ముందు నేర్చుకోమంటున్నాను.

చంద్రగిరి కోట:
మాస్టారూ, నా మాట కటువుగా ఉంది, క్షమించండి. నా సంగతి కూడా చెబుతాను. మా అబ్బాయి ఏడో తరగతిలో టెలిస్కోపు అడిగాడు. మంచిది కొందాం, డబ్బు చేరనీ అన్నాను. తొమ్మిదిలో ఐఐటీ ఫౌండేషన్ అని పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా క్లాసులు. ఇంటర్‌కు హాస్టలు. ఆరు అంగుళాలది నేను కొన్నది వాడు రెండో సంవత్సరంలో ఉండగా. దసరా సెలవులకు వచ్చినప్పుడు మిద్దె మీద పెట్టి పిలిచాను. ఈశాన్య రుతుపవనాల మబ్బు, ఒక గంట తెరపి ఇచ్చింది. వాడు వచ్చి, కన్ను పెట్టి, బాగుంది నాన్నా అని కిందికి వెళ్లి ఫోను పట్టుకున్నాడు. ఏడో తరగతిలో నాసిరకం 70 మిల్లీమీటర్లది కొనిచ్చినా సరిపోయేది. ఆగి పెద్దది కొనమని నేనే ఇక్కడ పైన రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కపిలతీర్థం రోడ్డు:
మీరందరూ ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఇదంతా మా అమ్మాయికి చదివి వినిపించాను. అంతా విని ఒకటే అడిగింది: "వీటిలో నేనొక్కదాన్నే పైకి మోసుకెళ్లగలిగేది ఏది నాన్నా?" నేను రాత్రి పది దాటితే గాని ఇంటికి రాను, వాళ్లమ్మకు మోకాళ్ల నొప్పులు. మిద్దెకు ఇరవై రెండు మెట్లు, మధ్యలో ఇరుకైన మలుపు. ఇది మొదటే రాయకపోవడం నా పొరపాటు.

చంద్రగిరి కోట:
ఆరు అంగుళాలది గొట్టం, పెట్టె కలిపి దాదాపు పదహారు కిలోలు, నాలుగడుగుల పొడవు. ఆ మలుపులో పిల్ల తిప్పలేదు.

తిరుచానూరు ఇంజనీరు:
ఈక్వటోరియల్ అయితే ఎదురు బరువుల ఇనుపగుండు కూడా మోయాలి. నా సలహా ఈ ఇంటికి సరిపోదు.

చిత్తూరు కళ్లద్దాలు:
అయితే బల్ల మీద పెట్టుకొనే చిన్న డాబ్సోనియన్ చూడండి. 130 మిల్లీమీటర్ల అద్దం, 650 మిల్లీమీటర్ల నాభ్యంతరం, మొత్తం ఆరేడు కిలోలు. గొట్టం లోపలికి ముడుచుకొనే రకం ఉంది, చంకలో పెట్టుకొని మెట్లెక్కవచ్చు. 70 మిల్లీమీటర్లదానికి మూడు రెట్లకు పైగా వెలుగు. 25 మిల్లీమీటర్ల ఐపీస్‌తో 26 రెట్లు, 10 మిల్లీమీటర్ల ఐపీస్‌తో 65 రెట్లు వస్తాయి, శని గీత తెలుస్తుంది. మీ అంచనాను దాటుతుంది. అంత వద్దనుకుంటే 100 మిల్లీమీటర్లది తీసుకోండి, మీరు చెప్పిన డబ్బులోనే వస్తుంది. మిద్దె మీద బల్ల ఉందా?

కపిలతీర్థం రోడ్డు:
బల్ల లేదు. నీళ్ల ట్యాంకు పక్కన సిమెంటు దిమ్మె ఉంది, నడుము ఎత్తు, రెండడుగుల వెడల్పు. దక్షిణం, పడమర రెండూ తెరిపిగా ఉంటాయి. 130దే కొంటాను, మిగిలింది వచ్చే నెల సర్దుకుంటాను.

మదనపల్లె మాస్టారు:
దిమ్మె చాలు, స్టాండు కంటే అదే నయం, వణకదు. శని ఇప్పుడు రాత్రి తొందరగా పడమట దిగిపోతుంది, కనుక చీకటి పడగానే పైకి వెళ్లమనండి. అరగంట ముందే టెలిస్కోపును బయట పెట్టి చల్లారనివ్వాలి. గురుడు మిథునంలో తూర్పున ఉన్నాడు, శని దిగిన తరువాత అటు తిప్పి, నాలుగు ఉపగ్రహాలు ఏ వరసలో ఉన్నాయో నోటుబుక్కులో గీసుకోమనండి. మరునాడు మళ్లీ గీయాలి, వరస మారి ఉంటుంది. మొదటి శనివారం నేను మదనపల్లె నుంచి బస్సులో వస్తాను, మీకు అభ్యంతరం లేకపోతే. ఆ లోపల అద్దం మీద దుమ్ము కనిపించినా గుడ్డ తాకించవద్దని అమ్మాయికి చెప్పండి.

కపిలతీర్థం రోడ్డు:
తప్పకుండా రండి మాస్టారూ. భోజనం మా ఇంట్లోనే.