ట్రాన్స్‌మిషన్ పరికరం: విడి కార్డులా, మూసిన పెట్టెనా?

ఒంగోలు సభ్యుడు:
టెలిఫోన్ సంకేతాలను ఊరి నుంచి ఊరికి మోసే ట్రాన్స్‌మిషన్ పరికరాన్ని షెల్ఫులో (కార్డులు పట్టే చట్రంలో) గుచ్చే విడి కార్డులుగా కట్టడం కంటే, అంతా ఒకే బోర్డుపై ఉండే మూసిన పెట్టెగా కట్టడమే మేలని నా వాదన. కార్డుకూ, వెనుకనుండి కార్డులన్నిటినీ కలిపే పలక అయిన బ్యాక్‌ప్లేన్‌కూ నడుమ ఉండే ప్రతి పిన్నూ లోపం పుట్టడానికి వీలున్న చోటే. మన కొత్తపట్నం తీరపు ఉప్పుగాలికి ఆ పిన్నులు చిలుము పడతాయి. కార్డును ఊడదీసి మళ్ళీ గుచ్చితే ఆ పూటకు లైను నిలబడుతుంది గానీ లోపం అలాగే ఉండిపోతుంది.

కావలి సభ్యురాలు:
పిన్నుల గురించి మీరన్నది నిజమేనండీ. అయితే పుట్టిన లోపం ఎంతమేర పాకుతుందన్నదీ చూడాలి. ఎస్‌టీఎం-1 అనే పెద్ద లింకు ఒకటి 63 ఈ-1లను (సెకనుకు 2 మెగాబిట్ల చిన్న ప్రవాహాలను) మోస్తుంది, ఒక్కో ఈ-1లో 30 సంభాషణ ఛానళ్ళుంటాయి. వాటిని 21 ఈ-1ల చొప్పున మూడు కార్డులకు పంచితే, ఒక కార్డు పోయినప్పుడు 630 ఛానళ్ళు ఆగినా మిగిలిన 1,260 నడుస్తూనే ఉంటాయి, చెడిన కార్డును విద్యుత్తు ఆపకుండానే మార్చవచ్చు. మూసిన పెట్టె పోతే 1,890 ఛానళ్ళూ ఒక్కసారే మూగబోతాయి. 1984లో ఏర్పడిన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ పల్లెల ఎక్స్ఛేంజీలను కూడా కార్డులుగానే రూపొందించింది. అందువల్ల కార్డు మార్పు ఊళ్ళోనే జరిగి, మరమ్మతు మాత్రం కేంద్రానికి వెళ్ళేది.

అలాగని ఎన్ని ముక్కలు చేస్తే అంత మంచిదని నేననను. చిన్న ప్రవాహాలను మెట్టుమెట్టుగా కలుపుకుంటూ పోయే పాత పద్ధతి పీడీహెచ్‌లో 140 మెగాబిట్ల ప్రవాహం నుంచి ఒక్క ఈ-1ను విడదీయాలంటే 34కూ, 8కీ, ఆపై 2కూ మెట్టుమెట్టుగా దిగవలసి వచ్చేది. ప్రతి మెట్టుకూ వేరే పరికరం, వేరే స్పేరు. ఒక మెట్టు చెడితే దాని కిందివి బాగున్నా ఉపయోగం లేదు కనుక, దాని తర్వాత వచ్చిన ఎస్‌డీహెచ్ పద్ధతి ఆ మెట్లన్నిటినీ ఒకే మల్టీప్లెక్సరులో (ప్రవాహాలను కలిపి, విడదీసే పరికరంలో) కలిపివేయడం సరైన పనే. విడగొట్టవలసింది ఒకటి పోయినా మిగిలినది పనిచేసే చోట మాత్రమే.

ఒంగోలు సభ్యుడు:
ఆ కొలత ఒప్పుకుంటానమ్మా. దాని ప్రకారమే చూస్తే, విద్యుత్ కార్డో, ఏ ఈ-1ను ఎటు పంపాలో కలిపే క్రాస్‌కనెక్టు కార్డో చెడితే షెల్ఫంతా ఆగిపోతుంది కదా. వాటిని విడిగా కట్టి లాభమేమిటి?

కావలి సభ్యురాలు:
అందుకే ఆ రెండింటినీ జంటగా పెట్టి, 48 వోల్టుల సరఫరాను కూడా రెండు దారుల్లో ఇవ్వాలి. జంట లేని పరికరాన్ని కార్డులుగా కట్టినా నేను సమర్థించను. ఉదయగిరి వంటి మెట్ట ప్రాంతపు చిన్న స్టేషనుకు నాలుగైదు ఈ-1లే చాలినప్పుడు, మీరన్న పెట్టెనే పెట్టి, మరొక పెట్టెను అక్కడే స్పేరుగా ఉంచడం నయం. ఆ పెట్టెలో సైతం ఫైబరులోకి కాంతిని పంపే లేజరు ఉండే ఎస్‌ఎఫ్‌పీ అనే చిన్న మాడ్యూలు మాత్రం ఊడదీయడానికి వీలుగా ఉండాలి, ఎందుకంటే వాడకంతో లేజరు బలహీనపడుతుంది.