కర్నూలుకు మారదామా, ఆగుదామా? బాడుగ సగం కన్నా తక్కువ, భయమంతా ఎండదే

మియాపూర్ వాసి:
నమస్కారం. ఇంట్లో నలుగురం. నేను, నా భార్య, ఆరేళ్ల పాప, 69 ఏళ్ల మా నాన్న. మియాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌కు మెయింటెనెన్స్‌తో కలిపి నెలకు 27 వేలు పోతున్నాయి. నాది ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగమే, నెలకు రెండు రోజులు ఆఫీసులో కనిపిస్తే చాలు. కర్నూలులో వెంకటరమణ కాలనీ వైపు ఒక ఇల్లు చూశాం. మేడ మీద పోర్షన్, బాడుగ 10 వేలు, గాలీ వెలుతురూ బాగున్నాయి, పాప స్కూలుకు నడిచి వెళ్లొచ్చు. జీతం అదే ఉండి ఖర్చు ఇంత తగ్గితే నాలుగేళ్లలో సొంతింటికి ముందు కట్టాల్సిన డబ్బు చేతికొస్తుంది. ఇక్కడే ఉంటే ఆ రోజు వస్తుందన్న నమ్మకం నాకు లేదు.

అయితే మేం ఇల్లు చూడటానికి వెళ్లింది ఏప్రిల్ నెలాఖరులో, మధ్యాహ్నం మూడింటికి. గేటు గడియ తీయబోతే చెయ్యి చురుక్కుమంది. నాన్న కారు దిగి వేపచెట్టు కిందే నిలబడిపోయారు, పైకి రాలేదు. ఆయనకు బీపీ, నాలుగేళ్ల కిందట స్టెంట్ కూడా వేశారు. తిరిగి వస్తూ "నా కోసం మీరు ఆగొద్దురా" అన్నారు. అప్పటి నుంచి నాకు సరిగ్గా నిద్ర పట్టడం లేదు. ఎండ అనే ఒక్క కారణంతో దీన్ని వదులుకోవాలా? కడప, అనంతపురం అయితే ఏమైనా తేడా ఉంటుందా? అక్కడ ఉన్నవాళ్లు చెప్పండి.

కొండారెడ్డి బురుజు:
రండి అన్నా. పుట్టి పెరిగింది ఇక్కడే కాబట్టి చెబుతున్నా, ఎండ గురించి బయటివాళ్లు భయపడినంత మేం భయపడం, ఎందుకంటే ఏప్రిల్, మే నెలల్లో మా రోజే వేరుగా ఉంటుంది. పొద్దున ఆరింటి నుంచి పదింటి లోపల పనులన్నీ అయిపోవాలి, మళ్లీ సాయంత్రం ఆరు దాటాకే బయటికి. మధ్యలో తలుపులు కిటికీలు మూసి, కర్టెన్లు దింపి, మజ్జిగో నన్నారి షర్బతో తాగి పడుకోవడమే. 44, 45 డిగ్రీలు పడే రోజులు ఉంటాయి, కాదనను. హైదరాబాద్ మాత్రం చల్లగా ఉందా ఇప్పుడు? రెండు మూడు డిగ్రీల తేడాకు నెలకు 17 వేలు కడతారా?

మీ నాన్న విషయానికి వస్తే, సీమ జిల్లాల నుంచి జనం వచ్చే పెద్ద ప్రభుత్వాసుపత్రి ఈ ఊళ్లోనే ఉంది. మెడికల్ కాలేజీ 1957 నుంచీ ఉంది. గుండె డాక్టర్ కోసం ఊరు దాటి పోవాల్సిన పని లేదు. మరీ అవసరమైతే హైదరాబాద్ 210 కిలోమీటర్లు, నాలుగు గంటలు.

బుగ్గవంక పక్కన:
నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం, ఎందుకో చెబుతాను. మా ఆయనకు ట్రాన్స్‌ఫర్ అయ్యి 2019లో విశాఖ నుంచి కడప వచ్చాం. మేం కూడా బాడుగ చూసి మురిసిపోయి మేడ మీద ఇల్లే తీసుకున్నాం. కడప సముద్ర మట్టానికి 140 మీటర్ల ఎత్తు కూడా ఉండదు, చుట్టూ మూడు వైపులా కొండలు, గాలి ఆడదు. పగటి ఎండకు అలవాటు పడ్డాం, రాత్రికే పడలేకపోయాం. పదిన్నరకు కొళాయి తిప్పితే కాళ్లు కాలే నీళ్లు. రెండింటికి లేచి గోడకు చెయ్యి ఆనిస్తే, పొయ్యి మీంచి దించి కాసేపైన పెనంలా గోరువెచ్చగా ఉండేది. ఒంటికి విశ్రాంతి దొరికేదే కాదు.

రెండో ఏడాది మేలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి మూడు గంటలు రాలేదు. మా అత్తమ్మకు అప్పుడు 72. బీపీకి ఆమె వేసుకునే మాత్రతో మాటిమాటికీ బాత్రూమ్‌కు వెళ్లాల్సి వచ్చేది, మోకాళ్ల నొప్పులతో లేవలేక నీళ్లు తాగడమే తగ్గించేసిందని మాకు తర్వాత తెలిసింది. సాయంత్రం ఐదింటికి నన్ను వాళ్ల చెల్లెలి పేరు పెట్టి పిలిచింది. ఒళ్లు కాలిపోతోంది, చెమట చుక్క లేదు. తడి చీరలు చుట్టి, విసనకర్రతో విసురుతూ 108కి ఫోన్ చేశాం. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. బతికింది, కానీ ఆ తర్వాత ఆ మనిషి మునుపటిలా లేదు. స్టెంట్ వేసిన పెద్దాయనను పెట్టుకుని 17 వేలు లెక్క వేయకండి తమ్ముడూ.

అనంత గాలి:
అక్కా, మీ బాధ అర్థమైంది. కానీ కడపను చూసి సీమ మొత్తాన్ని ఒకే గాటన కట్టొద్దు. మా అనంతపురం దాదాపు 350 మీటర్ల ఎత్తులో ఉంది, చుట్టూ మైదానం. పగలు 41, 42 కొట్టినా రాత్రి పది దాటితే మిద్దె మీద గాలి మొదలవుతుంది. జూన్ వచ్చిందంటే ఆ గాలి ఆగదు, రామగిరి వైపు గాలిమరలు ఊరికే పెట్టలేదు. బెంగళూరు 210 కిలోమీటర్లు, పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక రోడ్డు పక్కంతా మారిపోయింది. బాడుగలు కర్నూలు లాగే ఉంటాయి.

లోటు ఏంటంటే నీళ్లు. రాష్ట్రంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మాది ఒకటి, ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప. ఇల్లు చూసేటప్పుడు బోరు ఎన్ని అడుగులు, మేలో ఎండిపోతుందా, ట్యాంకర్ డబ్బు ఓనర్ కడతాడా మనమా, ఈ మూడూ అడగకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

కొండారెడ్డి బురుజు:
200 మీటర్ల ఎత్తుకు ఒకటిన్నర డిగ్రీ కూడా తేడా రాదు అన్నా, దాన్ని పెద్దగా చెప్పుకోకండి.

అనంత గాలి:
ఎత్తు ఒక్కటే అనలేదు నేను. గాలి ఆడుతుందా లేదా అన్నదే మాట. ఆరుబయట మంచం వేసుకుని పడుకున్నవాళ్లకు తెలుస్తుంది ఆ తేడా.

మీటరు లెక్క:
డబ్బు సంగతి ముందు తేల్చుకుందాం, ఎందుకంటే "మిగిలేదంతా ఏసీకే పోతుంది" అనే మాట ప్రతిసారీ వస్తుంది, అది తప్పు. మూడు ఊళ్లకూ ఒకే డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, ఒకే రేట్లు. మొదటి 30 యూనిట్లకు 1.90, తర్వాత 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75. మామూలు నెలలో 200 యూనిట్లు కాలితే 867 రూపాయలు. ఒకటిన్నర టన్ను ఏసీ రాత్రంతా వేస్తే రోజుకు ఎనిమిది యూనిట్లు అనుకుందాం, నెలకు 240, 250. అంటే 450 యూనిట్లు, 3,036 రూపాయలు. వీటి మీద ఫిక్స్‌డ్ చార్జీలు, సర్దుబాటు చార్జీలు కలుస్తాయి, అవి ఎలాగూ తప్పవు. నెలకు రెండు వేల పైచిలుకు ఎక్కువ, నాలుగు నెలలకు తొమ్మిది వేలు అనుకోండి. బాడుగలో ఒక్క నెల మిగిలేదే 17 వేలు.

ఇంకొకటి, విశాఖలో కూలర్ ఎందుకూ పనికిరాదు, గాలిలోనే తేమ ఉంటుంది. ఇక్కడ ఏప్రిల్, మేలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి వట్టివేళ్ల తడకలు వేసిన కూలర్ చక్కగా పనిచేస్తుంది. కాకపోతే దాన్ని కిటికీ బయట పెట్టాలి, ఎదురుగా ఇంకో కిటికీ తెరిచి ఉండాలి. గదిలో పెట్టి తలుపులు మూస్తే ఉక్కపోతే. బుగ్గవంక అక్క చెప్పిన కరెంటు కోత మాత్రం నిజమైన సమస్య. మే సాయంత్రాల్లో గాలివాన వచ్చిందంటే లైన్లు తెగుతాయి, ఇళ్లలో పెట్టుకునే మామూలు ఇన్వర్టర్ ఏసీని లాగదు. నాన్నగారి గదిలో కనీసం ఒక ఫ్యాన్ అయిదారు గంటలు తిరిగే బ్యాటరీ ఉండాలి.

సోలార్ పెట్టమని ఎవరో చెబుతారు. కేంద్రం ఇచ్చే 78 వేల సబ్సిడీ మిద్దె తన పేరున ఉన్నవాడికి, బాడుగకు ఉండేవాడికి కాదు.

బళ్లారి చౌరస్తా:
లెక్కలు బాగున్నాయి సార్. ఒక్క మాట అడగాలి. ఇది చవక ఊరు అని అందరూ అంటున్నారు, ఎవరికి చవక? నేను కర్నూలులోనే బండి మీద పార్సిళ్లు వేస్తాను, నెలకు 14 వేలు వస్తే ఎక్కువ. మధ్యాహ్నం రెండింటికి తలుపులు మూసి పడుకోమని బురుజు అన్న అంటున్నాడు, నేను ఆ టైములోనే మీ తలుపు కొడతాను. తువ్వాలు తడిపి తలకు కట్టుకుంటే రెండు సిగ్నళ్లు దాటేలోపు ఎండిపోతుంది. రేకుల ఇంట్లో ఉంటాం, దానికే మూడున్నర వేలు. హైదరాబాద్ జీతాలతో ఇక్కడికి వచ్చేవాళ్లు 10 వేలు చవక అనుకుని ఇస్తుంటే, అదే ఇంటికి నిరుడు ఏడున్నర వేలు కట్టిన టీచరమ్మ ఖాళీ చేసి ఊరి చివరకు పోయింది. నా కళ్ల ముందు జరిగింది. రావద్దు అనడం లేదు. ఓనర్ నోటి నుంచి వచ్చిన మొదటి రేటుకే తల ఊపకండి.

మియాపూర్ వాసి:
అన్నా, మీరు చెప్పింది నేను ఆలోచించనే లేదు. ఓనర్ 10 అనగానే నేనే సరే అన్నాను. మనసుకు కష్టంగా ఉంది. ఆ వీధిలో మిగతా ఇళ్లు ఎంతకు ఇస్తున్నారో అడిగే మాట్లాడతాను.

బుగ్గవంక అక్కా, మీ పోస్టు నాన్నకు చదివి వినిపించాను. తన మందుల చీటీ తెచ్చి, చెమట, ఒంట్లో నీళ్లు అనే సంగతి డాక్టర్‌ను అడగమన్నారు. అడుగుతాను.

మీటరు లెక్క:
ఒక ప్రశ్న. మీరు చూసిన పోర్షన్ పైన ఇంకో అంతస్తు ఉందా? పడమటి వైపు ఏముంది?

మియాపూర్ వాసి:
పైన ఏమీ లేదు, మిద్దే. పడమటి వైపు ఖాళీ స్థలం. నాన్నకు అనుకున్న గది అటే.

మీటరు లెక్క:
అయితే ఆ ఇల్లు వద్దు. ఊరు వద్దు అనడం లేదు, ఆ గది వద్దు అంటున్నాను. పగలంతా స్లాబు ఒకవైపు, మధ్యాహ్నం నుంచి పడమటి గోడ ఒకవైపు వేడిని తాగి రాత్రంతా వదులుతాయి. అక్క కడపలో చూసింది అదే. మా తాతల కాలంలో సీమలో మట్టి మిద్దెలు ఉండేవి, మందపాటి గోడలు, పైన మూరెడు మట్టి, కింద నాపరాళ్లు, మేలో కూడా ఆ బండల మీద చాప లేకుండా పడుకునేవాళ్లం. ఇప్పటి నాలుగంగుళాల స్లాబు కింద ఆ సుఖం లేదు. నేల మీది పోర్షన్ చూడండి, పైన ఎవరో ఒకరు కాపురం ఉండాలి, పడమటి వైపు పక్కింటి గోడో చెట్టో ఉండాలి. వెయ్యో రెండు వేలో ఎక్కువైనా అదే తీసుకోండి. ఇల్లు పగలు చూడొద్దు, రాత్రి తొమ్మిది దాటాక వెళ్లి గోడ మీద చెయ్యి పెట్టండి.

బుగ్గవంక పక్కన:
ఇది నిజం. తర్వాత మేం కింది ఇంటికి మారాం, సగం బాధ తీరింది. అయినా నా మాట నాదే. రోహిణి కార్తెలో పెద్దవాళ్లను ఆ ఊళ్లో ఉంచొద్దు. మే 15 నుంచి జూన్‌లో వానలు పడేదాకా ఆయనను చల్లటి చోట చుట్టాల ఇంట్లో ఉంచండి.

కొండారెడ్డి బురుజు:
ఇంకో సంగతి. కింది ఇల్లు అంటున్నారు కాబట్టి 2009 అక్టోబరు 2న ఆ వీధిలోకి నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో ఇరుగుపొరుగును అడగండి. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడ్డ రోజు అది, పాతబస్తీ పక్క మిద్దెలు కూడా మునిగాయి.

మియాపూర్ వాసి:
మొన్న శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు వెళ్లాను, నాన్న కూడా వచ్చారు. ముందు మేడ మీది గదిలోకి వెళ్లి పడమటి గోడకు చెయ్యి ఆనించాను, అక్క చెప్పిన పెనం వేడి నాకూ తెలిసింది. అక్కడికి నాలుగు వీధుల అవతల ఒక కింది పోర్షన్ చూపించారు, 12 వేలు అన్నారు, చుట్టుపక్కల అడిగి తెలుసుకుని 10,500కి ఒప్పించాను. పైన ఓనర్ కుటుంబమే ఉంటుంది. పడమటి వైపు రెండడుగుల సందు, ఆపైన పక్కింటి గోడ. నాన్న చెప్పులు విడిచి బండల మీద కాసేపు నిలబడి "ఇక్కడ పర్వాలేదు" అన్నారు. 2009లో నీళ్లు ఆ వీధి మలుపు దాకా వచ్చి ఆగాయని ఎదురింటి పెద్దమ్మ చెప్పింది. జూన్‌లో వానలు మొదలయ్యాకే మారతాం, వచ్చే మేలో నాన్న మా అక్క వాళ్ల దగ్గర బెంగళూరులో ఉంటారు.

ఒకటే మిగిలింది. మున్సిపాలిటీ నీళ్లు రోజు విడిచి రోజు గంటసేపు వస్తాయట. సంపు మూడు వేల లీటర్లు. నలుగురికి, కూలర్‌తో కలిపి, చాలుతుందా?

బళ్లారి చౌరస్తా:
చాలుతుంది సార్. ఓనర్ వాళ్లకూ అదే సంపు అయితే మాత్రం చాలదు, అది అడగండి.