ఏఆర్-3ఎ స్పీకర్లలో ట్వీటర్ సరిగ్గా పలకడం లేదు: కెపాసిటర్లు మార్చాలా, క్రాసోవరే కొత్తది వేయాలా?

పాత_రికార్డు (ఎడిసన్, న్యూజెర్సీ):
అందరికీ నమస్కారం. మా వీధిలో ఒక పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ తన ఏఆర్-3ఎ (అకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీవారి పాత స్పీకర్లు) జత నాకిచ్చారు. వాల్‌నట్ పెట్టెలు, ఒక్కోటీ ఇరవై కిలోల పైనే. వూఫర్ల (బేస్ పలికే పెద్ద స్పీకర్ల) చుట్టూ ఫోమ్ ఎవరో ఈమధ్యే మార్పించినట్టున్నారు, బేస్ బ్రహ్మాండంగా ఉంది. కానీ ఘంటసాల గారి గొంతు దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు వస్తోంది. ఒక దాంట్లో ట్వీటర్ (పైస్వరాలు పలికే చిన్న స్పీకర్) అసలు మోగడం లేదు, రెండో దాంట్లో వెనకున్న నాబ్ తిప్పితే గరగరమని వచ్చి పోతోంది. ఖరీదైన ఫిల్మ్ కెపాసిటర్లు (ప్లాస్టిక్ పొరతో చేసినవి) వేయమని ఒకరు, ఆ క్రాసోవర్ (ఏ స్వరాలు ఏ స్పీకర్‌కి వెళ్లాలో పంచే సర్క్యూట్) తీసి పారేసి రెడీమేడ్‌ది పెట్టమని ఇంకొకరు అంటున్నారు. సోల్డరింగ్ కొద్దిగా వచ్చు. దేంతో మొదలుపెట్టమంటారు?

గుంటూరు_వూఫర్:
మొదట పెట్టె వెనక టెర్మినల్స్ (వైర్లు బిగించే మరలు) చూడండి. 1, 2, టి అని మూడు ఉంటాయి. 2కీ టికీ మధ్య చిన్న లోహపు పట్టీ ఉండాలి. అది లేకపోతే వూఫర్ ఒక్కటే మోగుతుంది. ఇల్లు మారేటప్పుడు ఊడిపోయి ఉండొచ్చు.

సోల్డర్_బెంచ్ (వాల్తామ్, మసాచుసెట్స్):
పట్టీ సంగతి నిజమే, చూడండి. ఇక కెపాసిటర్ల దగ్గరికి తర్వాత వద్దాం. నాబ్ తిప్పితే వచ్చి పోతోందన్నారు కదా, దొంగ అక్కడే ఉన్నాడు.

ఈ మోడల్ 1967లో వచ్చింది. మిడ్‌కి (మధ్యస్వరాల స్పీకర్‌కి) ఒకటి, ట్వీటర్‌కి ఒకటి 16 ఓమ్స్ వైర్‌వౌండ్ పాట్లు (వెనక నాబ్‌తో తిప్పే రెసిస్టర్లు) ఉంటాయి. లోపల తీగచుట్ట మీద ఒక చిన్న లోహపు బిళ్ల జారుతుంది. అది ఆనే చోట ఏళ్ల తరబడి పచ్చగా చిలుము పడుతుంది. చిలుము పట్టిన చోట సిగ్నల్ దాటదు. ట్వీటర్ బతికే ఉంటుంది, దానికి అందాల్సింది అందదు, అంతే. "ట్వీటర్ పోయింది" అంటూ నా దగ్గరికొచ్చే ఏఆర్‌లలో ఎక్కువగా కనిపించేది ఇదే. వెయ్యి డాలర్ల కెపాసిటర్లు పెట్టినా ఆ చిలుము అలాగే ఉంటే పాట మారదు.

లోపలికి దారి ఒక్కటే, వూఫర్ తీయాలి. స్క్రూలు విప్పాక కూడా ఊడి రాదు, అంచు చుట్టూ పుట్టీ గట్టిపడి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో పెకలించకండి. కింద దిండ్లు పెట్టి పెట్టెను ముందుకు వంచితే తన బరువుకే మెల్లగా వదులుతుంది. లోపల గ్లాస్‌వుల్ ఉంటుంది. గ్లవ్స్, మాస్క్ తప్పనిసరి. తీసినదంతా జాగ్రత్త చేయండి, మళ్ళీ అంతా లోపలికి వెళ్లాలి. ఇది గాలి చొరబడని పెట్టె. లోపలి గాలే వూఫర్‌కి స్ప్రింగ్. ఎడ్గార్ విల్చర్ 1950ల్లో ఏఆర్ పెట్టిందే ఆ ఆలోచన మీద. ఫొటో తీయకుండా ఒక్క వైరు కూడా విప్పొద్దు.

ట్వీటర్ డోమ్ ముందు అతి సన్నని తీగలు బయటికే కనిపిస్తాయి. దుమ్ము దులపడానికి బ్రష్ కూడా తగలనివ్వకండి. బ్యాటరీ ఆనించి చూడొద్దు, మల్టీమీటర్ చాలు.

పాత_రికార్డు:
పట్టీలు రెండూ ఉన్నాయి. ఒక పెట్టె తెరిచాను. మీరన్నట్టే పాట్ విప్పితే పచ్చటి పొడి రాలింది, బిళ్ల ఒక పక్క తినేసి ఉంది. ట్వీటర్ కాయిల్ మీటర్‌లో బాగానే చూపిస్తోంది, ప్రాణం లేచొచ్చింది! కెపాసిటర్లు ఒక కాలు ఊడదీసి కొలిచాను: 6కి బదులు 7.1, 50కి బదులు 59, 150కి బదులు 174 మైక్రోఫారడ్లు. పాట్ బదులు ఎల్-ప్యాడ్ (శబ్దం తగ్గించే మరో రకం నాబ్) వేయొచ్చా?

సోల్డర్_బెంచ్:
బిళ్ల అరిగిపోతే ఇక రుద్ది లాభం లేదు. 15 ఓమ్స్, 25 వాట్స్ రియోస్టాట్ (తిప్పే రెసిస్టర్) వేయండి. ఎల్-ప్యాడ్ వేరే తరహా వస్తువు, తిప్పినప్పుడు అది క్రాసోవర్‌కి చూపించే లోడ్ పాత పాట్ చూపించే లోడ్‌లా ఉండదు. వేసినవాళ్లున్నారు, నేనైతే వేయను.

కెపాసిటర్లు మూడూ మార్చేయండి, విలువలు పెరిగిపోయాయి. వూఫర్, మిడ్‌ల మధ్య హద్దు 575 హెర్ట్జ్ దగ్గర, మిడ్, ట్వీటర్‌ల మధ్య హద్దు 5000 దగ్గర ఉండాలి. 6కి ఫిల్మ్ వేయండి, చవకే. 50కి 47, 3.3 పక్కపక్కన (ప్యారలల్‌గా) కలపండి. 150కి మంచి నాన్-పోలార్ (ప్లస్, మైనస్ తేడా లేని) ఎలక్ట్రోలైటిక్ చాలు. అంత విలువలో ఫిల్మ్ అంటే డబ్బు దండగ, పైగా పెట్టెలో చోటు తినేస్తుంది. క్రాసోవర్‌లోని కాయిల్స్ జోలికి మాత్రం వెళ్లొద్దు. వాటి తీగకున్న రెసిస్టెన్స్ కూడా డిజైన్‌లో భాగమే. లావు తీగ కాయిల్ వేస్తే బేస్ స్వభావమే మారుతుంది. రెడీమేడ్ క్రాసోవర్ ఎందుకు వద్దంటున్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. అది ఈ డ్రైవర్ల (వూఫర్, మిడ్, ట్వీటర్ల) కోసం లెక్కగట్టింది కాదు.

లెస్టర్_శ్రోత:
ఒక్క మాట కలుపుతాను. నా సెలెస్టియన్ డిట్టన్ 15లో పాత ఎలక్ట్రోలైటిక్స్ తీసి ఫిల్మ్ వేస్తే పైస్వరాలు కొంచెం గుచ్చుకున్నాయి. ఎలక్ట్రోలైటిక్ లోపలి రెసిస్టెన్స్ ఫిల్మ్‌లో ఉండదు కాబట్టి ట్వీటర్‌కి కాస్త ఎక్కువ అందుతుంది. కెపాసిటర్‌తో సిరీస్‌లో అర ఓమ్ రెసిస్టర్ పెడితే కుదురుకుంది.

సోల్డర్_బెంచ్:
అవునండీ, అలాంటి వాటికి అదే మందు. ఏఆర్-3ఎకి పాట్ ఉంది కాబట్టి నాబ్ కాస్త తగ్గిస్తే సరిపోతుంది. పాత_రికార్డు గారూ, రెండు పెట్టెలకీ ఒకే విలువలు పడేలా కొలిచి జతచేయండి. వూఫర్ బిగించేటప్పుడు పాత పుట్టీ గీకేసి కొత్తది వేయండి. తర్వాత కోన్‌ను మధ్యలో రెండు పక్కలా సమానంగా వేళ్లతో లోపలికి నొక్కి వదలండి. నెమ్మదిగా వెనక్కి వస్తే సీల్ బాగున్నట్టు. చటుక్కున వచ్చేస్తే ఎక్కడో గాలి పోతోంది. ముందు పాట్ కడ్డీ బయటికొచ్చే రంధ్రం చూడండి, అక్కడే ఎక్కువగా లీక్ అవుతుంది.