ఎలుగులకు దారి వదలాలా, పట్టి పంపించేయాలా?

పర్లాకిమిడి కుర్రాడు: నిన్న మా వాట్సాప్ గ్రూపులో పెద్ద గొడవ. ఒడిశా మహేంద్రగిరి అడవుల నుంచి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తోటల దాకా ఎలుగులు తిరిగే మేరంతా కారిడార్‌గా, అంటే జంతువులు రాకపోకలు సాగించే దారిగా గుర్తించి, అక్కడ కొత్త క్వారీలు, రోడ్లు రానివ్వకూడదని ఒకాయన. వాటిని పట్టి దూరంగా వదిలేయమని ఇంకొకాయన. నేను మొదటాయన వైపే. కొండ దిగి సముద్రం వైపు వచ్చే ఎలుగుకి రైలు పట్టాలు, 16వ నంబరు జాతీయ రహదారి రెండూ అడ్డమే. దారి తెగితే తోటల్లో చిక్కుకున్నవి అక్కడే పిల్లల్ని పెడతాయి. మహారాష్ట్రలో పెంచ్ పులుల అడవి దగ్గర 44వ రహదారి కింద నుంచి జంతువులు పోవడానికి 9 చోట్ల దారి వదిలారు, పులులే నడుస్తున్నాయి. ఇక్కడెందుకు కుదరదు?

జీడితోట కోడలు: అన్నా, పెంచ్ సంగతి తర్వాత. మాది కొండ కింద రెండెకరాల తోట. ఏప్రిల్‌లో తెల్లారకముందే పిక్కలేరుకోవాలి, ఆలస్యమైతే ఎవరి సంచిలోకి పోతాయో తెలీదు. పోయిన వేసవిలో ఒక చెట్టు కింద పళ్ళన్నీ నమిలి పారేసి ఉన్నాయి, పిక్కలు మాత్రం అలాగే ఉన్నాయి. వాటి మీద చొంగ ఇంకా ఆరలేదు. సంచీ అక్కడే పడేసి పరుగు. ఆ తర్వాత వారం రోజులు మా అత్త రేకు డబ్బా వాయిస్తూ ముందు, నేను వెనక. మీరు గీసే గీత మా తోట మీదుగా పోతే, రేపు బోరు వేసుకోవాలన్నా ఫారెస్టోళ్ళ చుట్టూ తిరగాలా?

బరంపురం మాస్టారు: నీ భయంలో తప్పు లేదమ్మా. కానీ పట్టి పంపడం చెప్పినంత తేలిక కాదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒకరి ప్రాణం తీసి, ఇంకొందర్ని గాయపరిచిన ఎలుగుని మత్తుమందిచ్చి పట్టారు. విశాఖ జూకి తీసుకెళ్తుంటే దారిలోనే చచ్చిపోయింది. పైగా ఎలుగు షెడ్యూల్ 1 జంతువు, అంటే వన్యప్రాణి చట్టంలో గట్టి రక్షణ ఉన్నది. రాష్ట్రంలో వన్యప్రాణుల పెద్ద అధికారి, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి లేనిదే పట్టకూడదు. దాని చూపు అంతంత మాత్రం, చెవులూ అంతే, అంతా ముక్కుతోనే. చెదపుట్టలో మూతి పెట్టిందంటే మనం పక్కకి వచ్చినా తెలీదు. తెలిశాక బెదిరి మీద పడుతుంది. మీ అత్తగారి డబ్బాయే అసలైన మందు.

కాశీనగర్ బుల్లోడు: మాస్టారూ, చెదలూ చీమలూ తిని బతికేదానికి తోటలతో పనేంటి?

బరంపురం మాస్టారు: పళ్ళంటే కూడా ప్రాణమే నాయనా. నేరేడు, రేగు, తునికి, ఇప్పపువ్వు. అవన్నీ అడవిలో మనమూ ఏరుకుంటున్నాం కదా. తోటలో పనస, జీడిపండు కుప్పలుగా దొరుకుతుంటే కొండెక్కుతుందా?

పర్లాకిమిడి కుర్రాడు: అందుకే క్వారీ ఆపమంటున్నా. బ్లాస్టింగ్ మోతకి గుహలు వదిలేసి కిందకి దిగుతున్నాయి.

జీడితోట కోడలు: క్వారీ ఆపితే నాకూ సంతోషమే, పేలినప్పుడల్లా మా గోడలూ అదురుతున్నాయి. తోట జోలికొచ్చే ముందు మాత్రం గ్రామసభలో మమ్మల్ని అడగాలి. చదువుకున్నోళ్ళు గ్రూపులో తేల్చేస్తే కాదు. మాస్టారూ, ఒక్కటి చెప్పండి. తోట గట్టు మీద మూడు చెదపుట్టలున్నాయి. మా ఆయన తవ్వేద్దాం అంటున్నాడు. తవ్వేస్తే రావడం మానేస్తుందా, లేక ఇంకా లోపలికి, ఇంటి వెనక పనసచెట్టు దాకా వస్తుందా?