అస్క్లేపియస్ కర్రకు పాము ఎప్పటినుంచి చుట్టుకుంది?

గ్రీకు పురాణాల్లో పాముల మీద వ్యాసం రాస్తూ ఒక్క చోట ఇరుక్కుపోయాను. వైద్య దేవుడు అస్క్లేపియస్ కర్రకు ఒకే పాము చుట్టుకుని ఉంటుంది కదా (రెండు పాములున్నది హెర్మెస్ దండం, దయచేసి దాన్ని ఇందులో కలపకండి). ఆ పాము కర్ర మీదికి ఎప్పుడు ఎక్కిందో తేలడం లేదు.

అపొల్లోడోరస్ పేరుతో ఉన్న పురాణ సంకలనం ఇంగ్లిష్ అనువాదంలో చూశాను. గోర్గన్ అనే రాక్షసి రక్తంతో అస్క్లేపియస్ చనిపోయినవాళ్లని బతికించాడని ఉంది, పాము చుట్టిన కర్ర మాత్రం లేదు. ఒక పాము మూలిక తెచ్చి చచ్చిన పామును బతికించే చక్కటి కథ ఉంది గానీ, అది చూసి చనిపోయిన రాకుమారుడు గ్లాకస్‌ను లేపినవాడు పాలిఇడస్ అనే జోస్యుడు, అస్క్లేపియస్ కాదు. క్రీ.శ. 2వ శతాబ్దంలో గ్రీకు యాత్రికుడు పౌసానియస్ ఎపిడారస్ అనే ఊళ్లోని అస్క్లేపియస్ గుడి విగ్రహాన్ని వర్ణిస్తూ ఒక చేతిలో కర్ర, ఇంకో చెయ్యి పాము తల మీద అంటాడు, అంటే అక్కడ రెండూ విడివిడిగానే ఉన్నాయి. తత్వవేత్త కోర్నూటస్ ఈ పాముకు చెప్పిన అర్థం, అదే పాము కుబుసం విడిచినట్టు రోగి కొత్తగా అవుతాడన్నది, బాగుంది, కాకపోతే అతను రోమన్ కవి ఓవిడ్ తర్వాతివాడు. నాకు దొరికిన వాటిలో పాతది ఆ ఓవిడ్ లాటిన్ కావ్యం మెటామార్ఫోసెస్ 15వ భాగమే, క్రీ.శ. 8 ప్రాంతం. అందులో దేవుడే నా కర్రకు చుట్టుకున్న ఈ పామును చూడు అంటాడు.

అంతకంటే ముందుది, కర్రకు చుట్టుకున్న పాముతో అస్క్లేపియస్ కనిపించే గ్రీకు నాణెమో శిల్పమో రచనో, కాలం తెలిసినది ఏదైనా చెప్పగలరా?