పాత వింటేజ్ షాంపేన్: ఆనాడే బయటికొచ్చిన సీసానా, మడ్డి మీద ఆగిన సీసానా?

సుద్దనేల:
పాత వింటేజ్ షాంపేన్లు సేకరించేవారి మధ్య ఎప్పటికీ తెగని ప్రశ్న ఒకటి ఉంది. దాన్ని చర్చకు పెడుతున్నాను. ఒకే ఏడాది పంటతో చేసిన ఒకే వైన్ మనకు రెండు దారుల్లో దొరుకుతుంది. సీసాలో రెండోసారి పులిసిన తరవాత అడుగున చేరే ఈస్ట్ మడ్డిని కొన్నేళ్లకే తీసేసి, డోసాజ్ పేరిట కొంత చక్కెర చేర్చి, బిరడా బిగించి అమ్మేసినది మొదటిది. అదే మడ్డి మీద సంస్థ నేలమాళిగలో మరెన్నో ఏళ్లు ఆగి, విడుదలకు కాస్త ముందు మాత్రమే మడ్డి తీయించుకున్నది రెండోది. బొలాంజే షాంపేన్ సంస్థను నడిపిన లిలీ బొలాంజే తమ 1952 నాటి వైన్‌ను ఆర్.డి. (‘ఈమధ్యే మడ్డి తీసినది’ అని అర్థం) పేరుతో 1967లో విడుదల చేసినప్పటి నుంచి ఈ రెండో దారికి గౌరవం పెరిగింది. డామ్ పెరిన్యోన్ సంస్థ పి2, పి3 సీసాలు కూడా ఆ కోవలోనివే.

వారసత్వం తెలుసుకోవాలనుకునే సేకర్త మొదటి రకాన్నే వెతకాలని నా అభిప్రాయం. ఆలస్యంగా మడ్డి తీసిన సీసాలో డోసాజ్ ఎంతన్నది నేటి సంస్థ నేటి రుచికి తగ్గట్టు తీసుకునే నిర్ణయం, ఆనాటివారు తాగినది అది కాదు. 2010లో బాల్టిక్ సముద్రంలో, ఓలాండ్ దీవుల దగ్గర మునిగిన ఓడలో 168 సీసాలు బయటపడ్డాయి. అవి వవ్ క్లికో, హైడ్‌సిక్, జుగ్లార్ సంస్థలవి, సుమారు 170 ఏళ్ల నాటివి. రసాయన పరీక్షలో లీటరుకు 140 గ్రాములకు పైగా చక్కెర తేలింది. తీపి తక్కువగా ఉండే నేటి బ్రూట్ రకంలో 12 గ్రాములు దాటకూడదు. 19వ శతాబ్దపు షాంపేన్ ఎంత తియ్యని పానీయమో పుస్తకాలు చెబుతూనే ఉన్నాయి గాని, ఆ సీసాలు దాన్ని రుజువు చేశాయి.

నేలమాళిగ:
సుద్దనేల గారూ, మీ ఉదాహరణ నా వాదాన్నే బలపరుస్తోంది. ఆ సీసాలు సుమారు 50 మీటర్ల లోతున, చీకట్లో, 2 నుంచి 4 డిగ్రీల చలిలో కదలకుండా పడి ఉన్నాయి కనుకనే మనకు దక్కాయి. అయినా వాటిలో బుడగలు దాదాపు మిగల్లేదు. వేలంపాటల్లో చేతులు మారే మామూలు సీసాకు అంత అదృష్టం పట్టదు. ఎవరి ఇంట్లో ఎన్ని వేసవులు గడిపిందో, ఏ దీపం కింద నిలబడిందో ఎవరూ చెప్పలేరు. వెలుతురు షాంపేన్‌ను ఎంత త్వరగా చెడగొడుతుందంటే, పారదర్శకమైన గాజు వాడే తన ‘క్రిస్టాల్’ షాంపేన్ సీసాకు రోడెరర్ సంస్థ ప్రత్యేకంగా రంగు కాగితం చుట్టి మరీ పంపుతుంది.

సంస్థ నేలమాళిగలో ఆగిన సీసాకు ఈ అనుమానాలేవీ ఉండవు. షాంపేన్ ప్రాంతంలోని రాన్స్ నగరం కింద గాలో-రోమన్ కాలం నుంచి సుద్దరాయి తవ్వగా ఏర్పడిన గుహల్లో ఏడాది పొడవునా 10, 12 డిగ్రీలకు మించని చల్లదనం ఉంటుంది. మడ్డి తానే ఆక్సిజన్‌ను పీల్చుకుంటూ వైన్‌ను కాపాడుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగి గుండ్ల వర్షం నుంచి తప్పించుకోవడానికి నగరవాసులు తలదాచుకున్నది ఆ గుహల్లోనే. 2015లో యునెస్కో ద్రాక్ష వాలులతో పాటు ఈ నేలమాళిగలను కూడా ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. ఆ నేల విడిచి వెళ్లని సీసా వారసత్వానికి దూరమని ఎలా అనగలం?

సుద్దనేల:
నిల్వ విషయంలో మీ మాట కాదనను. అయితే మడ్డి తీసిన తరవాత సీసాలో జరిగే మార్పును మీరు లెక్కలోకి తీసుకోలేదు. చేర్చిన చక్కెర, వైన్‌లోని అమైనో ఆమ్లాలు ఏళ్ల తరబడి మెల్లగా కలిసి, కాల్చిన రొట్టె, తేనె, ఎండుఫలాల వాసనలను పుట్టిస్తాయి. పాత షాంపేన్ అనగానే రసికులు తలచుకునే పరిమళంలో చాలా భాగం ఈ దశలో వచ్చేదే. ముప్పై ఏళ్లు మడ్డి మీద ఉన్న వైన్ తాజాగా, పదునుగా ఉంటుంది, అద్భుతంగానూ ఉంటుంది. కాని దానికి ఈ రెండో జీవితం గడిచి ఉండదు. పైగా అంత వయసులో ఒక్కసారిగా గాలి తగిలిన వైన్ తరవాత త్వరగా అలసిపోతుందని అనుభవజ్ఞులు చాలామంది చెబుతారు.

తేడాను బిరడాయే చూపిస్తుంది. కొత్తగా బిగించిన బిరడాను తీయగానే కింది భాగం పావడా అంచులా విచ్చుకుంటుంది. దశాబ్దాలు గాజు మెడలో నలిగినది సన్నగా, నిటారుగా, మేకులా అలాగే ఉండిపోతుంది, వేళ్లతో నొక్కినా లొంగదు. పాతదని అమ్మిన సీసాలోంచి విచ్చుకునే బిరడా వస్తే, మడ్డి ఈమధ్యే తీశారనో, బిరడా మార్చారనో అర్థం.

కొత్తపాఠకుడు:
పెద్దలు మన్నించాలి. నేను హైదరాబాదులో ఉంటాను, ఇంట్లో చల్లని నేలమాళిగ లేదు. నా పెళ్లి జరిగిన 2002 నాటి సీసా ఒక్కటి కొని దాచాలని ఉంది. ఏ రకం మంచిది?

నేలమాళిగ:
బాబూ, మన వేసవి 40 డిగ్రీలు దాటే చోట మామూలు గదిలో మాత్రం దాచకండి. ఉష్ణోగ్రత స్థిరంగా ఉంచే వైన్ క్యాబినెట్ లేకపోతే, కొన్న ఏడాదే తెరవడం మేలు. మీ పరిస్థితికి ఆలస్యంగా మడ్డి తీసినదే తగినది. 2002 షాంపేన్‌లో మంచి పేరున్న సంవత్సరం కనుక వెతికితే దొరుకుతుంది.

సుద్దనేల:
ఈ సలహాతో నేనూ ఏకీభవిస్తాను. ఒక్కటి చేర్చాలి: మడ్డి ఎప్పుడు తీశారో సీసా మీద రాయాలని చట్టం నిర్బంధించదు. బొలాంజే ఆర్.డి. వెనక చీటీ మీద ఆ తేదీ ఉంటుంది, క్రూగ్ సీసా వెనక ఉండే ఆరంకెల సంఖ్యతో ఆ వివరం తెలుసుకోవచ్చు. తేదీ లేకపోతే అమ్మేవారిని అడగండి. చెప్పలేకపోతే మెడలో వైన్ మట్టం ఎక్కడిదాకా ఉందో, దీపానికి ఎదురుగా పట్టి రంగు ఎలా ఉందో చూడండి. మట్టం బాగా దిగి, రంగు ముదురు గోధుమకు తిరిగిన సీసాకు ఎంత పేరున్నా డబ్బు పెట్టకండి.